అత్తమ్మ దుకాణం, నా లా సీటు

మా అత్తమ్మ దుకాణంలో "లేదు" అనే మాట వినపడకూడదు. ఉప్పు అయిపోతే ఉప్పు రేపొస్తది. కందిపప్పు అయిపోతే కందిపప్పు నిండుకున్నది, రేపొస్తది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎవరో అగరుబత్తులు అడిగితే "లేవండీ" అన్నాను. కౌంటర్ కింద అత్తమ్మ నా కాలు తొక్కింది. కొనడానికి వచ్చిన మనిషిని లేదని పంపేస్తే లక్ష్మి కూడా ఆ మనిషి వెనకాలే మెట్లు దిగి పోతుందని ఆమె నమ్మకం. నాకది వట్టి చాదస్తంగా తోచింది. దాని వెనక ఎంత చాకిరీ ఉందో నెమ్మదిగా తెలిసింది.

రేపొస్తది అన్నాక రేపు రావాల్సిందే మరి. హోల్‌సేల్ వాడు పంపకపోతే అత్తమ్మ ఎదురుగా ఉన్న సూపర్ మార్కెట్‌కు తనే పోయి, అందరిలాగే లైన్‌లో నిలబడి, అదే ధరకు కొని తెచ్చి, అదే ధరకు అమ్మేది. లాభం సున్నా. "మాట కొన్న, సరుకు గాదు" అనేది. ఒకసారి గడ్డపోతారం మందుల కంపెనీలో పనిచేసే బిహార్ అబ్బాయిలు వచ్చి సత్తు అడిగారు. సత్తు అంటే ఏమిటో అత్తమ్మకు తెలియదు, నాకూ తెలియదు. అయినా ఆమె కళ్ళార్పకుండా "కల్ ఆయేగా" అంది. వాళ్ళు మెట్లు దిగగానే "ఏందే అది, తినేదా పూసుకునేదా?" అని నన్నడిగింది. ఫోన్‌లో వెతికి చెప్పాను. సాయంత్రానికి వేయించిన శనగలు గిర్నీకి పంపి పిండి పట్టించింది. మర్నాడు పొట్లం చేతిలో పెడితే ఆ అబ్బాయిలు వాసన చూసి, ఊరు గుర్తొచ్చిందో ఏమో, అక్కడే చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు.

మా దుకాణం పటాన్‌చెరు పాత బజారులో ఉంది. మామయ్య పోయాక నడిపేది అత్తమ్మే. మా ఆయన పటేల్‌గూడ దగ్గరి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంట్లో ఏ సంగతి ఎత్తినా "అమ్మను అడుగు" అని దుప్పటి కప్పుకుంటారు. మంచి మనిషే, కానీ ఆ దుప్పటిని తగలబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక నా చదువు సంగతి. మా నాన్న నాకు పెట్టిన పేరు ఆరంభశూరురాలు. ఇంటర్ అయ్యాక హైవే పక్కన కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. రెండో ఏడు సగంలో మానేశాను. లెక్కలు తలకెక్కలేదు, ఎక్కనివ్వలేదు కూడా. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని అందులో చేరాకే తెలిసింది. మూడోది కంప్యూటర్ కోర్సు, దాని గురించి అసలు మాట్లాడుకోకపోవడమే మేలు. పెళ్ళయ్యాక దుకాణంలో కూర్చుని ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. మొదలుపెట్టాను. చుట్టాలు పందాలు కాయనిది ఒక్కటే తక్కువ. మూడేళ్ళ డిగ్రీ అంతకంటే చాలా ఎక్కువకాలం సాగింది, మధ్యలో పాప పుట్టింది, కానీ అయింది. నేను మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి చదువు అదే.

లా మీదికి మనసు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. కర్దనూర్‌లో ఉండే ఒక ఆమె మా దగ్గర నెలసరుకులు తీసుకునేది. ఆమె భర్త చెయ్యి మిషన్‌లో పడి నలిగింది. కాంట్రాక్టర్ నష్టపరిహారమని ఏదో కాగితం పట్టుకుని వచ్చాడు. బజారులో పెద్దమనిషి కాబట్టి అత్తమ్మ ముందు మాట్లాడుకుందామని ఇద్దరూ మా దుకాణానికే వచ్చారు. అత్తమ్మ అటు చెప్పి, ఇటు చెప్పి, కాంట్రాక్టర్ ఇస్తానన్న దానికంటే కొంచెం ఎక్కువే ఒప్పించింది. కర్దనూర్ ఆమె సంతకం పెట్టింది. అందరికీ చాయ్ తెప్పించాం. పోతూ పోతూ ఆమె నా వైపు తిరిగి, "చదువుకున్నదానివి గదక్కా, గింతేనా మాకు వచ్చేది?" అని అడిగింది.

నాకు తెలియదు. ఎక్కువ రావాలో, తక్కువ రావాలో, ఆ సంతకం పెట్టాక ఇంకేమైనా అడగవచ్చో లేదో, ఏదీ తెలియదు. డిగ్రీ పాసైన నోటితో "అంతేనేమో" అన్నాను. ఆ మాట చాలా రోజులు నన్ను తిననివ్వలేదు. అత్తమ్మ తప్పు చేసిందని కాదు. తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్ళు ఆ పూట మా దుకాణంలో ఎవరూ లేరు, అదీ నా బాధ.

మూడేళ్ళ లా కోర్సుకు ప్రవేశ పరీక్ష రాస్తానని చెప్పినప్పుడు మా ఆయన యథాప్రకారం దుప్పటి కప్పుకున్నారు. అత్తమ్మ త్రాసులో చింతపండు పెడుతూ నవ్వింది.

"ఓడినోడు కోర్టుల ఏడుస్తడు, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తడు. గా ఏడుపుల నడుమ నీకేం పని?"

"ఏడ్వకుండ చేసేటోళ్ళు గూడ ఉండాలె గద అత్తమ్మా."

"సూడు బిడ్డా," అని ఆమె చెయ్యి తుడుచుకుంది. "లాయరంటే ఒక దిక్కు నిలవడాలె. దుకాణపోళ్ళు రెండు దిక్కుల ఉండాలె. కాంట్రాక్టరు మన దగ్గరనే కొంటడు, గా పిల్ల మన దగ్గరనే కొంటది. నువ్వు ఒకని దిక్కు నల్లకోటేసుకొని పోతే రెండోడు మన మెట్లెక్కుతడా?"

నిజం చెప్పాలంటే అది చాలా మంచి వాదన. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. అయినా వద్దని అనలేదామె. "రాసుకో, రాసుకో. నువ్వు చేరని కాలేజి ఉన్నదా?" అని మాత్రం అంది. అందులో వెటకారం ఎంతో, అనుమతి ఎంతో నేను లెక్కకట్టలేదు. కౌంటర్ మీద పుస్తకం తెరిచి, ప్రాథమిక హక్కులకూ పావుకిలో చక్కెరకూ మధ్య ఆ వేసవంతా చదివాను. "సేటమ్మా, పరీక్ష రాస్తున్నవా?" అని వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు. సిగ్గుగానే ఉండేది. పాప రెండో తరగతి, నేనూ తనతో పాటే బట్టీ పట్టేదాన్ని.

సీటు వచ్చింది. సిటీలో ఒక కాలేజీ. ఫోన్‌లో కబురు చూసి అత్తమ్మకు చెబితే, ఆమె "ఊఁ" అని బెల్లం కొట్టడంలో మునిగిపోయింది. ఆ ఊఁకు అర్థం నాకు దొరకలేదు. కాలేజీకి పోయి ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి. గడువు మర్నాటితో ముగుస్తుందనగా పాపను బడికి పంపి, ఫైలు పట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఆఫీసులో కళ్ళజోడు మేడమ్ ఒక్కొక్క కాగితం తిప్పింది. పది, సరే. డిగ్రీ, సరే. ఇంటర్ దగ్గర ఆగింది.

"ఇది జిరాక్స్ కదమ్మా. ఒరిజినల్ ఏది?"

ఒరిజినల్ ఆ పాత ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది. చేరేటప్పుడు తీసుకున్నారు. మానేసినప్పుడు అడగడానికి మొహం చెల్లక నేను పోలేదు. ఆ తర్వాత అన్నిచోట్లా జిరాక్సుతోనే బండి నడిచింది. ఆన్‌లైన్‌లో కూడా దాన్నే స్కాన్ చేసి పెడితే కంప్యూటర్ కిమ్మనలేదు. ఇక్కడా నడుస్తుందనుకున్నాను. పైగా ఆ కాలేజీ మూతపడి ఏళ్ళయింది. ఇప్పుడా బిల్డింగ్ ఒక ఫంక్షన్ హాల్.

ఇదంతా ఆమెకు చెప్పి, ఒరిజినల్ లేదండీ అని ఒప్పుకోవాలి. నోరు తెరిచాను. అన్నేళ్ళు కౌంటర్ వెనక కూర్చున్న నోరు అది.

"రేపొస్తది మేడమ్" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "రేపు నాలుగింటి లోపల రావాలి. తర్వాత సీటు వెనక్కి పోతుంది, నా చేతిలో ఏమీ ఉండదు" అని ఫైలు పక్కన పెట్టింది. బయట మెట్ల మీద నిలబడ్డాక గానీ నేనేం అన్నానో నాకు అర్థం కాలేదు. డూప్లికేట్‌కు పెట్టుకుంటే వారాలు పడుతుంది. నాన్న మాట నిజమయింది, ఇది కూడా ఆరంభంలోనే ఆగిపోయింది అనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని లింగంపల్లి దాకా ఏడ్చాను. పక్కనున్న ఆమె జామకాయ ఇచ్చింది, తిన్నాను.

దుకాణానికి వచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. పోనీలే అంటుందని, లోపల్లోపల సంతోషిస్తుందని అనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"గా మేడమ్‌తోని నువ్వు ఏమన్నవు?"

"రేపొస్తది అన్న."

"గట్లనే అన్నవా? నీ నోటితోని?"

"అలవాటుల వచ్చేసింది అత్తమ్మా."

ఆమె లేచి, గల్లాకు తాళం వేసి, పట్టపగలు షట్టర్ కిందికి లాగింది. మామయ్య పోయిన రోజు తప్ప ఆ షట్టర్ ఆ వేళప్పుడు దిగడం నేను చూడలేదు. పక్క దుకాణం ఆయన పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు.

"ఏం కాలే. మాటిచ్చినం, సరుకు తేవాలె" అంది అత్తమ్మ. నా వైపు తిరిగి, "పా, జల్దీ నడువు. ఏడుపు ఆటోల ఏడువు" అంది.

ఫంక్షన్ హాల్‌లో ఎవరిదో హల్దీకి బంతిపూలు కడుతున్నారు. ఒకప్పుడు నేను ఫిజిక్స్ క్లాసు ఎగ్గొట్టి కూర్చున్న వరండాలో గ్యాస్ సిలిండర్లు, పెద్ద పెద్ద గుండిగలు. మేనేజర్ గదిలో కూర్చున్నాయనను గుర్తుపట్టాను. ఆ రోజుల్లో కాలేజీ ఆఫీసులో క్లర్కు. అదే ఓనర్, అదే బిల్డింగ్, అదే మనిషి. అప్పుడు పరీక్షల తేదీలు చెప్పేవాడు, ఇప్పుడు ముహూర్తాల తేదీలు చెబుతున్నాడు.

నేను ఆవేశంగా మొదలుపెట్టాను. ఒరిజినల్ ఆపుకునే హక్కు మీకు లేదు, ఇప్పటికిప్పుడు ఇవ్వాలి, లేకపోతే కంప్లైంట్ పెడతాను అన్నాను. లా ఇంకా చదవనేలేదు, అప్పుడే నల్లకోటు వేసేసుకున్నాను. ఆయన మొహం బిగుసుకుపోయింది.

"అయితే పెట్టుకోమ్మా. మా ఓనర్ దుబాయ్‌ల ఉన్నడు. వచ్చినంక మాట్లాడు" అన్నాడు.

అత్తమ్మ నా మోచెయ్యి గిల్లి వెనక్కి లాగింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. హోల్‌సేల్ దగ్గర మాల్ ఆలస్యమైతే ఆమె అలాగే కూర్చుంటుంది. కొట్లాడదు, లేవదు.

"మంచినీళ్ళు తాగిపియ్యి కొడుకా. నడిచి నడిచి గొంతెండింది" అంది. మేం ఆటోలో వచ్చాం.

నీళ్ళొచ్చాయి. ఆయన ఊరు ఏదో, బీపీ ఉందో లేదో, పిల్లలేం చదువుతున్నారో అడిగింది. కూతురు ఇంటర్ అని ఆయన చెప్పగానే, "గట్లనా. ఈ పిల్లది గూడ ఇంటర్ కాగితమే నాయిన" అంది మెల్లగా. కాసేపటికి ఆయన తలగోక్కుని, పాత ఫైళ్ళన్నీ వెనక కెమిస్ట్రీ ల్యాబ్‌లో కుర్చీల వెనకాల పడేశామని చెప్పాడు. తాళంచెవి తీశాడు కానీ ఇవ్వలేదు.

"అమ్మా, ఇస్త గని, రేపు ఓనర్ వచ్చి ఎవరికిచ్చినవ్, ఎందుకిచ్చినవ్ అంటే నా నౌకరి పోతది. ఫోన్ జేస్తె ఎత్తుతలేడు."

ఆయన భయం నిజమైనదే, దాన్ని మంచినీళ్ళు తీర్చలేవు. నేను ఒక తెల్లకాగితం అడిగాను. నా సర్టిఫికెట్ నేనే తీసుకుంటున్నానని, ఎవరి దగ్గర, ఏ రోజున తీసుకున్నానో, ఇకముందు దీని గురించి ఈయన్ని ఎవరూ అడగాల్సిన పని లేదని, ఏమైనా ఉంటే నన్నే అడగాలని రాసి, సంతకం చేసి, ఆధార్ జిరాక్స్ జతచేశాను. కింద సాక్షిగా అత్తమ్మ చేత సంతకం పెట్టించాను. పైకి చదివి వినిపించాను. ఆయన రెండోసారి తనే చదువుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

వరండాలో నడుస్తుంటే అత్తమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"గా కాగితం నీ దిక్కు రాసినవా, ఆయన దిక్కు రాసినవా?"

"ఇద్దరి దిక్కు" అన్నాను.

"ఊఁ" అంది. కొంగు వదిలి ముందు నడిచింది. ఈ ఊఁ బెల్లం కొట్టినప్పటి ఊఁ కాదు. అంతవరకు తెలుసు నాకు.

గోనెసంచుల నిండా ఫైళ్ళు. ఎలుకలు కొన్నిటిని మాకంటే ముందే చదివాయి. అత్తమ్మ కొంగు దోపుకుని నేల మీద కూర్చుని, మట్టిబెడ్డలు ఏరినట్టు ఒక్కొక్కటి తీసి నాకు అందించింది. బయట బంతిపూల వాసన, లౌడ్‌స్పీకర్ టెస్టింగ్. ఎంతమంది పిల్లల కాగితాలో. నాలాగే అడగడానికి మొహం చెల్లనివాళ్ళు ఇంతమందా అనిపించింది. సూర్యుడు కిందికి దిగుతుంటే నా కవరు దొరికింది. ఒక మూల తడిసి ఎండింది, అంతే. అందులో నా ఇంటర్ సర్టిఫికెట్, రెండు జడల ఫొటో, భయం భయంగా చూస్తున్న కళ్ళు.

"బక్కపీనుగ లెక్క ఉన్నవ్" అంది అత్తమ్మ. ఆ ఫొటో మీది దుమ్మును చీర చెంగుతో తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి ఆమె ఆటో దాకా ఆగమనలేదు.

మర్నాడు మా ఆయన సెలవు పెట్టి గల్లా మీద కూర్చున్నారు. సెలవు పెట్టమన్నది అమ్మ కాబట్టి అడిగే పని పడలేదు. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని అత్తమ్మ తయారైంది. "మీరెందుకు అత్తమ్మా, బస్సుల రష్ ఉంటది" అంటే వినలేదు. తేవాల్సిన సరుకు చేతికి అందేదాకా చూడటం దుకాణదారు పని అంది.

కాలేజీలో కళ్ళజోడు మేడమ్ సర్టిఫికెట్‌ను వెలుతురుకు పట్టి చూసింది, తడిసిన మూలను వేలితో తడిమింది. సరే అంది. రిజిస్టర్‌లో నా పేరు రాసింది. నా ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ తర్వాత ఆమె అన్ని ఒరిజినల్స్‌నూ కలిపి కవర్‌లో పెట్టి, బీరువా వైపు చెయ్యి చాపింది.

నా చెయ్యి ఆ కవర్ మీదే ఉండిపోయింది. నిన్న సాయంత్రమే ఎలుకల నోట్లోంచి తీసుకున్నాం. ఒక్క రాత్రి ఇంట్లో ఉంది. మళ్ళీ ఇంకో కాలేజీ బీరువాలోకి. పాత భయమంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. ఇది కూడా మధ్యలో వదిలేస్తానేమో, ఈ కాగితం కూడా ఇక్కడే పడి ఉంటుందేమో, మళ్ళీ అడగడానికి మొహం చెల్లదేమో. మేడమ్ కవర్‌ను కొంచెం లాగింది. నేను వదలలేదు.

వెనక నుంచి అత్తమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మా, ఇవి మళ్ళ ఎప్పుడిస్తరు?"

"కోర్సు అయిపోయాక అమ్మా. మూడేళ్ళకు."

అత్తమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, కవర్‌ను తన చేత్తోనే మేడమ్‌కు ఇచ్చింది.

"మంచిది. జెర జాగ్రత్తగ పెట్టుండ్రి. గప్పుడు తీస్కపోనీకి ఇద్దరం వస్తం."